గొట్టం నుంచి అమ్మ రొమ్ముకు

మన యిల్లు - మన పిల్లలు

ఈ వారం ఉత్తరాలలో ఒకదానికి మిగతా అన్నిటికన్నా ముందు జవాబు వ్రాయవలసి వస్తోంది. మిగిలినవి పది రోజులు ఆగినా నష్టం లేదు. ఇది ఆగేది కాదు. అవుకు నుంచి ఒక సోదరి వ్రాశారు, పేరు వేయవద్దని కోరారు. ఆమె మాటల్లోనే వినండి:

“అక్కయ్యగారికి నమస్కారాలు. నాది తొలి కాన్పు. 31 వారాలకే నొప్పులు వచ్చి ఆడపిల్ల పుట్టింది. పుట్టినప్పుడు 1,350 గ్రాములు. బనగానపల్లె మీదుగా నంద్యాల తీసుకువచ్చి ఆస్పత్రిలో వుంచాము. నేటికి 24 రోజులు. బిడ్డ గండం గడిచి, కాస్త కాస్త బరువెక్కుతోంది. ఇంతవరకు నా పాలు పిండి యిస్తే గొట్టం గుండా పోస్తున్నారు. ఇక రొమ్ము దగ్గర పెట్టి చూడమని డాక్టరమ్మగారు చెప్పారు. పెట్టాను. నాలుగు సార్లు చప్పరించి నిద్రపోయింది. రెండో రోజూ అంతే. పైగా నాకు మొదట వచ్చినన్ని పాలు ఇప్పుడు రావడం లేదు. మా అత్తగారు మంచి మనిషే. కాని ‘గొట్టానికి మరిగిన బిడ్డ రొమ్ము పడుతుందా? సీసా పట్టించి యింటికి పోదాం పద’ అంటున్నారు. చూడవచ్చిన వాళ్ళంతా ‘పాలు పడలేదా?’ అని అడుగుతుంటే తల ఎత్తలేకపోతున్నాను. నా బిడ్డకు నా పాలు తాగే యోగం లేదా?”

వుంది తల్లీ, తప్పకుండా వుంది. నాలుగు సార్లు చప్పరించి నిద్రపోయిందని దిగులుగా వ్రాశారు. నేను దాన్ని శుభవార్తగా చదివాను. ఎందుకో చెబుతాను. అత్తగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

ముందు ఒక మాట. ఇది మీ ఒక్కరికి వచ్చిన కష్టం కాదు. 37 వారాలు నిండకముందు పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటారు. 2020లో మన దేశంలో అలాంటి బిడ్డలు సుమారు 30 లక్షల మంది పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్క. అంటే నూరు కాన్పులలో సుమారు 13. మీ వీధిలో ఎవరూ చెప్పుకోకపోవచ్చు గాని, ఆ బాధ పడ్డ అమ్మలు ప్రతి వూళ్ళోనూ వున్నారు.

గొట్టం ఎందుకు పెట్టారు?

పాలు తాగడం మనకు చాలా సులువుగా కనిపిస్తుంది. నిజానికి పసిబిడ్డకు అది పెద్ద పని. చప్పరించాలి, మింగాలి, మధ్యలో ఊపిరి తీసుకోవాలి. ఈ మూడూ ఒక వరుసలో జరగాలి. వరుస తప్పితే పాలు ఊపిరితిత్తుల దారి పడతాయి, బిడ్డ పొలమారుతుంది. కడుపులో వున్న బిడ్డకు చప్పరించడం, మింగడం ముందే వస్తాయి. ఆ రెంటినీ ఊపిరితో జత చేయడం మాత్రం సాధారణంగా 32 నుంచి 34 వారాల మధ్య కుదురుతుంది. మీ అమ్మాయి 31 వారాలకే బయటికి వచ్చేసింది. అప్పటికి ఆ విద్య రాదు. అందుకని సన్నని గొట్టాన్ని నోటినుంచో ముక్కునుంచో కడుపులోకి పంపి, రెండు మూడు గంటలకొకసారి కొలిచి పాలు పోస్తారు. గొట్టం బిడ్డను చెడగొట్టే అలవాటు కాదు. ఏరు దాటించే పడవ లాంటిది. ఒడ్డు చేరాక పడవతో పని వుండదు.

ఇప్పుడు లెక్క వేయండి. 31 వారాలకు 24 రోజులు కలిపితే 34 వారాలు దాటాయి. సరిగ్గా విద్య పట్టుబడే వేళకే డాక్టరమ్మగారు రొమ్ము దగ్గర పెట్టమన్నారు. ఆలస్యమూ కాలేదు, తొందరా పడలేదు.

మూడు మెట్లు

మన దేశంలో పసికందుల వార్డులలో సామాన్యంగా పాటించే వరుస ఇది. 28 వారాలకు లోపు పుట్టినవారికి మొదట నరం ద్వారా ద్రవాలు ఎక్కిస్తారు. 28 నుంచి 31 వారాల వారికి గొట్టం. 32 నుంచి 34 వారాల వారికి ఉగ్గుగిన్నె గాని చెంచా గాని. 34 దాటితే రొమ్ము. ఇది బండకు కొట్టిన గీత కాదు. ఒక బిడ్డ ముందు, ఒక బిడ్డ వెనుక. జబ్బు చేసిన బిడ్డ మరింత వెనుక.

స్వీడన్ దేశంలో కెర్‌స్టిన్ హెడ్‌బర్గ్ నీక్విస్ట్ అనే పరిశోధకురాలు 71 మంది నెలలు నిండని బిడ్డలను రొమ్ము దగ్గర శ్రద్ధగా గమనించి 1999లో ఆ సంగతులు ప్రచురించారు. 28 వారాల బిడ్డలు కూడా రొమ్ము కోసం తడుముకుని నోట పట్టుకోవడం ఆమె చూశారు. పూర్తిగా రొమ్ముపాల మీదికి వచ్చిన బిడ్డలు సగటున సుమారు 36 వారాలకు వచ్చేశారు. కొందరు 33 దాటగానే వచ్చారు, కొందరికి 40 దాకా పట్టింది. కనుక మీ అమ్మాయికి ఇంకా బోలెడు వ్యవధి వుంది. రెండు రోజుల ప్రయత్నానికే పరీక్ష తప్పిందని తేల్చేయకండి.

పాలు తగ్గాయంటే ఎండిపోయాయని కాదు

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది బిడ్డ నిద్ర కాదు, పాలు తగ్గడం. బిడ్డ రేపు నేర్చుకుంటుంది. నేర్చుకునే నాటికి పాలు వుండాలి గదా! కనుక ఈ పది రోజులూ మీ అసలు పని పాలు నిలబెట్టుకోవడమే.

బావిలో నీరు తోడుతున్న కొద్దీ ఊరుతుంది. రొమ్ముదీ అదే తీరు. నెలలు నిండిన బిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తాగి తనే తోడుకుంటుంది. మీ బిడ్డకు ఆ శక్తి లేదు కాబట్టి ఆ తోడే పని మీ చేయి చెయ్యాలి. రోజుకు కనీసం ఎనిమిది సార్లు పిండాలి, అందులో రాత్రి ఒకటి రెండు సార్లు తప్పకుండా వుండాలి. పాలు పట్టించే హార్మోను రాత్రి వేళ ఎక్కువగా పనిచేస్తుంది. చాలామంది తల్లులు మొదటి వారం ఉత్సాహంగా పిండి, తర్వాత అలసటవల్ల రోజుకు నాలుగైదు సార్లకు దిగిపోతారు. పాలు తగ్గడానికి సామాన్యంగా ఇదే కారణం. తగ్గినవాటిని మళ్ళీ పెంచుకోవచ్చు. ఒక్క రోజులో జరగదు. వారం పది రోజులు వదలకుండా పిండితే తేడా కనిపిస్తుంది.

పిండే పద్ధతి చెబుతాను. చేతులు సబ్బుతో కడుక్కోండి. శుభ్రమైన, వెడల్పు మూతి గిన్నె దగ్గర పెట్టుకోండి. గోరువెచ్చని తడిగుడ్డ రొమ్ము మీద కాసేపు వుంచి, వేళ్ళతో మెల్లగా చుట్టూ నిమరండి. చనుమొన చుట్టూ వున్న నల్లని భాగం అంచున పైన బొటనవేలు, కింద మిగతా వేళ్ళు వుంచండి. ముందు లోపలికి, అంటే గుండెవైపుకు నొక్కి, తర్వాత వేళ్ళను దగ్గరికి తెచ్చి, వదిలేయండి. నొక్కడం, వదలడం, అంతే. చనుమొనను లాగకూడదు, చర్మం మీద వేళ్ళు రుద్దకూడదు. నొప్పి పుడితే పట్టు సరిగా లేదన్నమాట, నర్సమ్మను అడగండి. మూడు నాలుగు నిమిషాలకొకసారి రెండో వైపుకు మారుతూ మొత్తం 20, 30 నిమిషాలు. పంపు వున్నవారు వాడుకోవచ్చు, లేనివారికి చేయి చాలు. బిడ్డ పక్కన కూర్చుని, లేదా బిడ్డ చుట్టిన గుడ్డ చేతిలో పెట్టుకుని పిండితే పాలు తొందరగా దిగుతాయి. ఇది నమ్మకం కాదు, శరీర ధర్మం.

పిండిన పాలు ఫ్రిజ్జులో వెనుకవైపున వుంచితే 24 గంటలు వాడుకోవచ్చు. చల్లని గదిలో అయితే నాలుగు గంటలు. మన నంద్యాల ఎండల్లో బయట అంతసేపు వుంచవద్దు. కాచకూడదు. గిన్నెను గోరువెచ్చని నీళ్ళలో నిలిపి చలి విరిస్తే చాలు. మిగిలినవి పారబోయండి.

ఈ కష్టమంతా ఎందుకు, డబ్బాపాలు వున్నాయి గదా అంటారేమో. నెలలు నిండని బిడ్డల పేగు చాలా లేతది. ఆ పేగు వాచి కుళ్ళిపోయే ప్రాణాంతకమైన జబ్బు ఒకటి వారికి వస్తుంది. అమ్మపాలు తాగే బిడ్డలకన్న డబ్బాపాలు తాగే బిడ్డలకు అది ఎక్కువగా వస్తుంది. మరొక వింత కూడా వుంది. నెలలు నిండకుండా ప్రసవించిన తల్లి పాలలో మొదటి వారాలు మాంసకృత్తులు ఎక్కువగా వుంటాయి. తొందరపడి వచ్చిన బిడ్డకు ఏది కావాలో అది తల్లి శరీరం సిద్ధం చేసి పెడుతుందన్నమాట. అది ఏ అంగడిలో దొరుకుతుంది?

గుండెకు గుండె

ఇప్పుడు రెండో పని. ఆస్పత్రివారు అనుమతించినంతసేపు బిడ్డను మీ ఒంటికి ఆనించుకోండి. లంగోటీ, టోపీ, మేజోళ్ళు మాత్రం వుంచి, బిడ్డను నిలువుగా మీ రొమ్ముల నడుమ, చర్మానికి చర్మం తగిలేలా పెట్టి, పైన మెత్తని గుడ్డతో కట్టుకోవాలి. తల ఒక పక్కకు తిరిగి, మెడ మడతపడకుండా, ముక్కు కనిపిస్తూ వుండాలి. దీన్ని కంగారూ పద్ధతి అంటున్నారు. కంగారూ తన పిల్లను పొట్ట సంచిలో పెట్టుకుని పెంచుతుంది గదా!

1978లో కొలంబియా రాజధాని బొగోటాలో, అద్దాల పెట్టెలు చాలక ఒకే పెట్టెలో ఇద్దరు ముగ్గురు బిడ్డలను పడుకోబెట్టవలసి వచ్చిన రోజులలో, ఎడ్గార్ రే సనాబ్రియా అనే డాక్టరు తల్లి ఒంటినే పెట్టెగా వాడుకోవచ్చునని మొదలుపెట్టారు. బీదరికంలో పుట్టిన ఉపాయం ఇవాళ ధనిక దేశాలూ వాడుకుంటున్నాయి. మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రితో సహా అయిదు దేశాలలోని అయిదు ఆస్పత్రులలో, 1,000 నుంచి 1,799 గ్రాముల బరువుతో పుట్టిన 3,211 మంది బిడ్డలమీద జరిపిన పరిశీలన 2021లో వెలువడింది. బిడ్డ నిలదొక్కుకునేదాకా ఆగి ఈ పద్ధతి మొదలుపెట్టిన చోట 28 రోజుల లోపల నూటికి సుమారు 16 మంది పోయారు. పుట్టిన వెంటనే మొదలుపెట్టిన చోట 12 మంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 8 నుంచి 24 గంటలు ఇలా వుంచమని సలహా ఇచ్చింది.

పాలకూ దీనికీ సంబంధమేమిటంటే, బిడ్డ ఒంటి స్పర్శకు తల్లికి పాలు పెరుగుతాయి. బిడ్డేమో రొమ్ము వాసన పట్టి మేలుకుంటుంది, నాలుక చాపుతుంది. పాఠం అక్కడే మొదలవుతుంది. మీరు స్నానానికో భోజనానికో లేచినప్పుడు మీవారు తమ ఛాతీమీద పెట్టుకోవచ్చు, అత్తగారూ పెట్టుకోవచ్చు. మగవాడికి సిగ్గెందుకు? తన బిడ్డే గదా!

ఖాళీ రొమ్ము పాఠం

మూడో పని వినడానికి వింతగా వుంటుంది. పాలు ముందు పిండేసి, ఆ ఖాళీ అయిన రొమ్మును బిడ్డ నోటికి అందించండి. పాలు ధారగా వస్తే చిన్నబిడ్డ తట్టుకోలేక పొలమారుతుంది, భయపడుతుంది. ఖాళీ రొమ్ములో చుక్కలే వస్తాయి. కాబట్టి హాయిగా చప్పరించడం నేర్చుకుంటుంది. అదే సమయంలో నర్సమ్మ గొట్టం గుండా పిండిన పాలు పోస్తుంది. నోట్లో రొమ్ము, కడుపులో పాలు. ఈ రెంటికీ ముడి వుందని బిడ్డకు తెలిసిపోతుంది.

ఇది పై దేశాలనుంచి తెచ్చుకున్న పద్ధతి కూడా కాదు. ఢిల్లీలో డాక్టర్ ఇందిరా నారాయణన్, ఆమె సహచరులు ఖాళీ రొమ్ము చప్పరించడాన్ని గురించి పరిశోధించి 1991లో ప్రకటించారు. ఆ అవకాశం దొరికిన బిడ్డలు తర్వాత రొమ్ముపాలు బాగా తాగారు. మీ డాక్టరమ్మగారిని దీన్ని గురించి అడిగి చూడండి.

రొమ్ము పట్టించే తీరు

బిడ్డ ఏడ్చేదాకా ఆగవద్దు. ఏడ్చిన బిడ్డకు తాగే ఓపిక వుండదు. కళ్ళు తెరవడం, నాలుక చప్పరించడం, పిడికిలి నోటివైపు తేవడం, తల అటూ ఇటూ తిప్పి వెతకడం చూస్తే అదే ముహూర్తం అనుకోండి.

నెలలు నిండని బిడ్డకు మెడ నిలవదు. మామూలుగా పట్టుకునే మోచేతి వంపులో తల జారిపోతుంది. ఎడమ రొమ్ము ఇవ్వాలంటే కుడిచేత్తో బిడ్డను పట్టుకోండి. బిడ్డ నడుము మీ ముంజేతిమీద, మెడ మీ అరచేతిలో వుండాలి. తలను వెనకనుంచి నొక్కకూడదు. లేదా బిడ్డ కాళ్ళు మీ చంక కిందుగా వెనక్కి పోయేలా పక్కన పెట్టుకుని పట్టించవచ్చు. కడుపు కోసి తీసిన కాన్పయితే ఇది మరీ సుఖం. చనుమొనతో పై పెదవి తాకించి, నోరు బాగా తెరిచాక, నల్లని భాగం చాలామట్టుకు లోపలికి పోయేలా దగ్గరికి తీసుకోండి.

ఇక నిద్ర సంగతి. చిన్నబిడ్డ రెండు మూడు సార్లు చప్పరించి ఆగుతుంది. ఊపిరి సర్దుకుని మళ్ళీ మొదలెడుతుంది. ఆ విరామం చూసి ‘తాగడం లేదు’ అని లాగేయకండి, బుగ్గ గిల్లకండి. వేచి వుండండి. రొమ్మును మెల్లగా నొక్కితే నాలుగు చుక్కలు నోట్లో పడి మళ్ళీ చప్పరిస్తుంది. అయితే పెదవులు నీలంగా మారినా, ఊపిరి ఆగినట్టున్నా, ఒళ్ళు వదిలేసినా వెంటనే ఆపి నర్సమ్మను పిలవాలి. వేళ్ళు బారచాపినా, ఎక్కిళ్ళు వరసగా వస్తున్నా ఆ పూటకు చాలని అర్థం.

మొదట రోజుకు ఒకటి రెండు పూటలు, తర్వాత మూడు నాలుగు. రొమ్ము తర్వాత మిగతా పాలు ఉగ్గుగిన్నెతో గాని గొట్టంతో గాని. బిడ్డ తాగే కొద్దీ ఆ మిగతా తగ్గిస్తూ పోతారు. ఎంత తగ్గించాలో డాక్టరుగారే చెప్పాలి. ‘ఆకలైతే తనే తాగుతుంది’ అని మీ అంతట మీరు గొట్టం పాలు మాన్పించవద్దు. ఆకలితో నేర్చుకునే బలం ఈ బిడ్డలకు లేదు.

చాలుతున్నాయని ఎలా తెలుస్తుంది?

రొమ్మును కొలవలేము గనుక అందరికీ ఇదే బెంగ. గుర్తులు రెండున్నాయి. ఒకటి, రోజుకు ఆరు నుంచి ఎనిమిది సార్లు మూత్రం పోయడం. రెండు, బరువు. ఈ వయసులో రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాములు పెరిగితే సంతోషించవచ్చు. బరువు చూసేటప్పుడు ఒకటే త్రాసు, గుడ్డలు లేకుండా. ఒక రోజు పెరగకపోతే గాభరా పడకండి. వరసగా రెండు మూడు రోజులు పెరగకపోతే చెప్పండి.

ఉగ్గుగిన్నె వుండగా సీసా ఎందుకు?

అత్తగారూ, ఈ మాట మీకు. మీ పుట్టింట్లో వెండి ఉగ్గుగిన్నె వుండే వుంటుంది. ముక్కు వున్న ఆ చిన్న గిన్నెను మనవాళ్ళు ఎన్ని తరాలుగా వాడుతున్నారో! మనం దాన్ని అటకెక్కించి సీసా తెచ్చుకున్నాము. పసికందుల వార్డులవాళ్ళు మాత్రం దాన్నే వెదికి తెచ్చుకున్నారు. తమిళులు పాలాడై అంటారు. ఢిల్లీలో ఉగ్గుగిన్నెను, కప్పును, సీసాను పోల్చి చూసి 1999లో ఫలితాలు ప్రకటించారు. ఉగ్గుగిన్నెతో బిడ్డలు తక్కువ సమయంలో ఎక్కువ పాలు తాగారు, నెమ్మదిగానూ వున్నారు. సీసా తిత్తి పట్టే తీరు వేరు, రొమ్ము పట్టే తీరు వేరు. సీసాకు మరిగితే కొందరు బిడ్డలు రొమ్ము వద్దంటారు. పైగా సీసా మూలల్లో చేరే మురికి కడగడం బ్రహ్మతరం కాదు. ఉగ్గుగిన్నెను సబ్బునీటితో కడిగి, కనీసం పది నిమిషాలు నీళ్ళలో మరిగిస్తే చాలు.

అయితే మన పాత పద్ధతిలో ఒకటి మార్చుకోవాలి. కాళ్ళు చాపి బిడ్డను వాటిమీద వెల్లకిలా పడుకోబెట్టి, నోట్లో ఉగ్గు పోసేవారు. ఈ బిడ్డకు అది పనికిరాదు. మెలకువగా వున్నప్పుడు ఒళ్ళో సగం కూర్చున్నట్టు పట్టుకుని, గిన్నె ముక్కును నోటి మూలకు ఆనించి, కొద్దికొద్దిగా వంచాలి. ఒక గుక్క మింగాక ఇంకొక గుక్క.

ఇంకొక మనవి. బాలింతకు నీళ్ళు తగ్గిస్తే మంచిదని, పప్పు కూర పెట్టకూడదని పథ్యం పెట్టేవారున్నారు. పాలు పిండే తల్లికి దాహం వేసినన్ని నీళ్ళివ్వాలి. జొన్నరొట్టె, అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, మజ్జిగ అన్నీ పెట్టవచ్చు. వెల్లుల్లి, మెంతులు ఇష్టమైతే వేసి పెట్టండి, కాని వాటితోనే పాలు పడతాయనుకుని పిండడం మానకూడదు. చూడవచ్చినవాళ్ళు ‘పాలు పడలేదా?’ అని అడిగితే, కోడలికన్నా ముందు మీరే ‘పడ్డాయి, బిడ్డ నేర్చుకుంటోంది’ అని చెప్పండి. ఆ ఒక్క మాట ఏ లేహ్యం చేయని పని చేస్తుంది. అర్ధరాత్రి కోడలు లేచి పాలు పిండుతున్నప్పుడు ఒక గ్లాసు పాలు వెచ్చబెట్టి ఇవ్వండి.

యింటికి వచ్చాక

మీ వూరి ఆశా కార్యకర్తకు ముందే కబురు పెట్టండి. ఆమె యింటికి వచ్చి బిడ్డను చూసి, బరువు తూచి వెళుతుంది. బిడ్డకు లాల పోయడం డాక్టరుగారు చెప్పేదాకా ఆపండి, గోరువెచ్చని గుడ్డతో తుడిస్తే చాలు. సాంబ్రాణి పొగ వద్దే వద్దు. లేత ఊపిరితిత్తులకు అది విషం. బిడ్డ పాలు తాగడం మానినా, ఒళ్ళు చల్లబడినా, నీలంగా మారినా, నిమిషానికి అరవై సార్లకు మించి ఎగపోస్తున్నా, పొట్ట ఉబ్బినా, పచ్చగా కక్కినా, అరచేతులూ అరికాళ్ళూ పసుపెక్కినా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోను చేసి, బిడ్డను మీ ఒంటికి ఆనించుకునే ఆస్పత్రికి బయలుదేరండి. జబ్బుచేసిన పసిబిడ్డకు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా వైద్యం చేసే పథకం 2011 నుంచి అమలులో వుంది.

ఇదే విషయమై మరికొన్ని ప్రశ్నలు

*“ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అంటారు. నిజమేనా?” - ఆళ్ళగడ్డ*

కానే కాదు. కడుపులో వున్న ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఎనిమిదో నెల బిడ్డకు ఏడో నెల బిడ్డకన్నా ఊపిరితిత్తులూ గట్టివి, పాలు తాగే నేర్పూ ఎక్కువ. ఈ మాట నమ్మి ఎనిమిదో నెల బిడ్డమీద ఆశ వదులుకున్నవాళ్ళుంటే అంతకన్న అన్యాయం లేదు.

*“బలానికి గాడిదపాలు, తేనె, ఆముదం పోయవచ్చునా?” - కోవెలకుంట్ల*

ఒక్క చుక్క కూడా వద్దు. ఆరు నెలలదాకా అమ్మపాలు, డాక్టరుగారు వ్రాసిచ్చిన విటమిను, ఇనుము చుక్కలు తప్ప మరేమీ అక్కరలేదు. ముర్రుపాలను మాత్రం పిండి పారబోయకండి. పసుపుగా, చిక్కగా, చెంచాడే వచ్చినా బిడ్డకు తొలి రక్ష అదే.

*“కవలలు పుట్టారు, ఇద్దరూ 34 వారాలవారే. ఇద్దరికీ చాలుతాయా?” - బళ్ళారి*

ఇద్దరు తోడితే ఇద్దరికి ఊరతాయి. మొదట ఒక్కొక్కరికే నేర్పండి. ఇద్దరికీ పట్టు కుదిరాక చెరొక చంక కిందా పెట్టుకుని ఒకేసారి ఇవ్వవచ్చు. యింటిపని మాత్రం మరొకరు చూడాలి.

*“ఎంత పిండినా తల్లికి పాలు సరిపోకపోతే దారేమిటి?” - హైదరాబాదు*

వచ్చినన్ని మానకుండా ఇవ్వాలి, సగం అయినా ఎంతో మేలు. మిగతాదానికి తల్లిపాల నిధి వున్న చోట దానినుంచి తీసుకోవచ్చు. ఇతర తల్లులు ఇచ్చిన పాలను పరీక్షించి, శుద్ధిచేసి ఇస్తారు. మన దేశంలో మొదటిది 1989లో బొంబాయి సయాన్ ఆస్పత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ నెలకొల్పారు. మీ వూళ్ళో నిలోఫర్ ఆస్పత్రిలో ‘ధాత్రి’ అనే నిధి 2017లో ఏర్పడింది. డబ్బాపాలు డాక్టరుగారు వ్రాస్తేనే పోయాలి. పాలడబ్బాలకూ సీసాలకూ ప్రకటనలు వేయకూడదని 1992లోనే చట్టం వచ్చింది. ఆ చట్టం ఎందుకు వచ్చిందో ఆలోచించండి.

*“బిడ్డ బాగానే వుంది. కళ్ళ పరీక్షకు రమ్మంటున్నారు, అవసరమా?” - పాణ్యం*

తప్పనిసరి. 34 వారాలలోపు గాని, 2,000 గ్రాములలోపు గాని పుట్టిన బిడ్డకు నెల నిండేలోగా కంటి లోపలి తెర పరీక్ష జరగాలి. బయటికి ఏ లోపమూ కనిపించదు, వేళ దాటితే చూపు పోవచ్చు. అవుకు సోదరీ, ఇది మీకూ వర్తిస్తుంది. మీకు ఆరు రోజులే గడువుంది, ఈ రోజే అడగండి.

చివరిగా మీకు ఒక్క మాట. ఈ 24 రోజులూ మీ బిడ్డ కడుపులోకి గొట్టం గుండా వెళ్ళినవి మీ పాలే. యోగం లేదన్నారు గాని, బిడ్డ మొదటినుంచీ మీ పాలతోనే పెరుగుతోంది. ఇక మిగిలింది దారి మార్చడం మాత్రమే. రాత్రి రెండు గంటలకు అలారం పెట్టుకోండి. వచ్చే నెల బిడ్డ బరువెంతో ఒక కార్డు వ్రాయండి.